‘బాగుంది’ అనే అపచారం

కొత్తగా జాలపుటలు అల్లడం నేర్చుకుంటున్న పిల్లలు తమ తొలి పనిని తెచ్చి చూపినప్పుడు మనం వారికి చేసే అపకారాలలో మొదటిది ‘బాగుంది’ అనే మాట. రెండవది ‘ఏమీ బాగులేదు’ అనే మాట. పైకి ఈ రెండూ ఉత్తర దక్షిణాల్లా కనబడతాయి గాని, నిజానికి ఒక తల్లి బిడ్డలే. ఆ తల్లి పేరు బద్ధకం. పుటను తెరవకుండానే, ఒక్క పంక్తి చదవకుండానే అనగలిగిన మాట ఏదైనా సరే, అది అభిప్రాయమనిపించుకోదు. వచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి పంపించేయడం అది. ఒకరు నవ్వుతూ పంపిస్తారు, మరొకరు కసిరి పంపిస్తారు. లోపలికి పిలిచి పీట వేసినవారు ఇద్దరిలో ఎవరూ లేరు.

మాట కొంచెం కటువుగానే అంటున్నానని తెలుసు. అనవలసిన అవసరం ఉంది కనుకనే అంటున్నాను.

నేను సాంకేతిక నిపుణుణ్ణి కాను. ఉద్యోగకాలమంతా ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పినవాణ్ణి. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్‌లతో నా పరిచయం, మీలో చాలామందికి లాగే, సొంత జాలగూటి మూసను నాకు కావలసినట్టు మార్చుకునే క్రమంలో కలిగినదే. గౌతమి ఖతి కంటికి ఆనక పోతన, వేమన ఖతులను దించుకోవడం, పక్కపట్టీని కుడినుంచి ఎడమకు జరపడం, శీర్షిక రంగు మార్చి చూసుకుని మురిసిపోవడం, మనమందరం ఆ వీధిబడిలో చదువుకున్నవాళ్ళమే. కాబట్టి ‘ఈయనకేం తెలుసు’ అనబోయేవారికి ముందే మనవి చేస్తున్నాను. కోడ్ సంగతి నాకు కొద్దిగా తెలుసు. దిద్దడం సంగతి బాగా తెలుసు. ముప్పై ఏళ్ళకు పైగా ఎర్రసిరాతో కాపురం చేశాను. ఈ టపా దిద్దడం గురించి.

మా విద్యలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. విద్యార్థి ఉత్పలమాల రాసి తెస్తే ‘పద్యం తేలిపోయింది’ అని ఊరుకునే పండితుణ్ణి ఎవరూ పండితుడనరు. ‘మూడవ పాదంలో పదవ అక్షరం చూడు, యతి చెల్లలేదు’ అనాలి. ఈ ఒక్క వాక్యంలో ఎన్ని ఉన్నాయో గమనించండి. దోషం ఎక్కడుందో ఉంది. దాని పేరేమిటో ఉంది. ఏ నియమాన్ని బట్టి అది దోషమయిందో ఉంది. విద్యార్థి తనంతట తాను సరిచూసుకునే వీలు కూడా ఉంది. గురువు మాట నమ్మనక్కరలేదు, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే చాలు. అన్నిటికీ మించి, ఆ వాక్యంలో పద్యం ఉంది గాని విద్యార్థి లేడు. ‘నీకు ఛందస్సు పట్టుబడదు’ అని ఎవరూ అనలేదు కనుక అతడు నొచ్చుకోవడానికి ఏమీ లేదు. ఆ పూటే కూర్చుని పాదం మార్చుకుంటాడు.

మన ఆలంకారికులు దోషవిచారణను చిన్నచూపు చూడలేదు. మమ్మటుడు కావ్యప్రకాశంలో సప్తమోల్లాసమంతా దోషాలకే కేటాయించాడు. పదదోషాలు, వాక్యదోషాలు, అర్థదోషాలు, రసదోషాలు అని వర్గాలు చేసి, ప్రతిదానికీ ఒక పేరు పెట్టాడు. పేరు పెట్టడమంటే తిట్టడం కాదు. పేరున్న రోగానికే మందు ఉంటుంది. అవధానాల్లో నిషిద్ధాక్షరి పృచ్ఛకుణ్ణి చూడండి. ‘మీ పద్యం నాకు నచ్చలేదు’ అనడానికి ఆయనను వేదిక ఎక్కించలేదు. ఈ స్థానంలో ఈ అక్షరం వద్దు అంటాడు. అంత నిక్కచ్చిగా అడ్డుతగలాలంటే అవధాని మనసులో నడుస్తున్న పదమేమిటో ముందే ఊహించగలగాలి. అంత శ్రద్ధ పెట్టినవాడికే అడ్డు చెప్పే అధికారం.

ఇక ఉదాహరణలోకి వస్తాను. మా వీధిలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి వేసవి సెలవుల్లో జాలపుటల రూపకల్పన నేర్చుకుంది. అభ్యాసానికి ఒక శతకాన్ని తీసుకుని ఒకే పుటలో అమర్చింది. పైన శీర్షిక, కింద విషయసూచిక, ఆపైన పద్యాలు, చివర చదువరులు తమ మాట పంపడానికి ఒక చిన్న పత్రం. తోటి విద్యార్థులకు, తెలిసిన ఉద్యోగస్థులకు, నాకు లంకె పంపి ‘ఎలా ఉందో చెప్పండి’ అని అడిగింది. వచ్చిన జవాబులను తరువాత నాకు చూపింది.

వాటిలో సగానికి పైగా ‘సూపర్’, ‘చాలా బాగుంది’, ‘ఇలాగే కొనసాగించు’ బాపతు. ఏది ఇలాగే కొనసాగించాలో చెప్పినవారు లేరు. దోషాలు కూడా ఇలాగే కొనసాగించాలి కాబోలు.

రెండవ రకం వెటకారం. ‘ఇదేం పసుపు పట్టీ? ఇరవై ఏళ్ళ కిందటి పుటలా ఉంది’ అన్నాడొకడు. ఇరవై ఏళ్ళ కిందటి పుటలు మనం కట్టినవే కనుక నాకు కొంచెం పౌరుషం వచ్చిన మాట నిజమే గాని, ఆ సంగతి అటుంచుదాం. ఆ పసుపు వల్ల చదవడానికి ఇబ్బంది కలిగిందా, లేక ఆయనకు పసుపు గిట్టదా? తేల్చి చెప్పలేదు.

మూడవ రకం వారు పుటను వదిలేసి పిల్ల భవిష్యత్తు మీద పడ్డారు. ‘ఇవన్నీ చేత్తో రాయడమేమిటి, రియాక్ట్ నేర్చుకో’ అని ఒకరు, ‘బూట్‌స్ట్రాప్ పెట్టేయ్, అన్నీ అవే సర్దుకుంటాయి’ అని ఇంకొకరు. అన్నప్రాశన నాడే ఆవకాయ. పెట్టె వెడల్పు ఎలా లెక్కకు వస్తుందో ఇంకా అర్థం చేసుకుంటున్న పిల్లకు ఆ లెక్కను దాచిపెట్టే పరికరాన్ని చేతికివ్వడం సాయం కాదు. ఆ పరికరాలు మంచివి కావని నేననను. అడిగిన ప్రశ్నకు అవి జవాబు కావు, అంతే.

నాలుగవ రకం మహా ఉదారులు. ఒక పెద్దమనిషి రాత్రికి రాత్రి పుటనంతా తిరగరాసి పంపారు. నిగనిగలాడుతోంది. అమ్మాయి దాన్ని తెరిచి, ఏ పంక్తి ఎందుకుందో తెలియక, మూసేసింది. పిల్లవాడి ఇంటిపనిని తండ్రి చేసి పెడితే మార్కులు తండ్రికి రావాలి. పద్యం దిద్దమని తెస్తే దాన్ని అవతల పారేసి తన పద్యం రాసిచ్చే గురువు దగ్గర ఎవరికీ ఛందస్సు అబ్బదు.

ఇంతమంది చూసి కూడా ఒక్కరూ చెప్పని సంగతులు ఆ పుటలో ఆరు ఉన్నాయి. వాటిని కొంచెం వివరంగా చెబుతాను. ఎందుకంటే ఈ ఆరూ ఆ ఒక్క అమ్మాయివి కావు. తెలుగులో పుట కట్టే ప్రతి కొత్తవారికీ ఎదురయ్యేవే.

మొదటిది వెడల్పు. పద్యాలున్న పెట్టెకు 1200 పిక్సెళ్ళ వెడల్పును శాసించింది. తన ల్యాప్‌టాప్‌లో ముచ్చటగానే ఉంది. సాధారణంగా మన చేతుల్లో ఉండే ఫోను తెర సీఎస్‌ఎస్ లెక్కలో 400 పిక్సెళ్ళకు అటూ ఇటూ. అందువల్ల ఫోనులో పద్యం తెర దాటి కుడివైపుకు పోయింది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు. ప్రతి పాదానికీ పుటను వేలితో అటు జరిపి మళ్ళీ ఇటు జరపాలి. యతిస్థానం చేరేసరికి పాదం మొదలేమిటో మరిచిపోతాం. తెరను బట్టి ఒదిగే పుటల గురించి ఈథన్ మార్కాట్ 2010లో ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అనే పేరుతో వ్యాసం రాశారు. అప్పటినుంచి ఇది పాతపడిన పాఠమే అయినా కొత్తగా వచ్చేవారికి కొత్తదే. దిద్దుబాటు ఒక్క మాట: ‘వెడల్పు’ అన్నచోట ‘గరిష్ఠ వెడల్పు’ అనడం. ఆపైన పాదం చిన్న తెరమీద ఎలాగూ విరుగుతుంది కనుక, విరిగి దిగిన ముక్క కాస్త లోపలికి జరిగి కనబడేట్టు చేస్తే పాదం ఎక్కడ మొదలయిందో కంటికి తెలుస్తుంది. అచ్చుపుస్తకాల్లో కంపోజిటర్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది.

రెండవది పంక్తుల మధ్య ఎడం. ఆంగ్లం కోసం తయారైన ఒక నమూనానుంచి పంక్తి ఎత్తును 1.2గా తెచ్చుకుంది. ఆంగ్లాక్షరాలకు కింద వత్తులుండవు, పైన గుడులుండవు. మనకు రెండూ ఉన్నాయి. పై పంక్తిలోని వత్తు కింది పంక్తి గుడిమీద కూర్చుంది. రూపకర్తలు ‘లోరెమ్ ఇప్సమ్’ అనే లాటిన్ గజిబిజిని నింపి అందం చూసుకుని, ఆ తరువాత అందులో తెలుగు పోస్తే జరిగేది ఇదే. ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా వేరొకరికి తొడిగినట్టుంటుంది. 1.6, 1.8 దాకా పెంచి చూస్తే అక్షరాలు ఊపిరి తీసుకుంటాయి. ఎత్తు బిగించిన మీటల్లో వత్తులు తెగిపోవడం, లంకెల కింది గీత వత్తులను కోసుకుంటూ పోవడం కూడా ఈ కోవలోవే.

మూడవది రంగు. తెల్లని నేలమీద పద్యాలను లేత బూడిదరంగులో, #999999లో పెట్టింది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వారి ప్రాప్యతా మార్గదర్శకాలు 1999లో మొదట వచ్చాయి. 2008లో వచ్చిన రెండవ కూర్పు నుంచి మామూలు పరిమాణంలో ఉన్న పాఠానికి, దాని వెనుక రంగుకు మధ్య కనీసం 4.5కు 1 నిష్పత్తి ఉండాలని ఏఏ స్థాయి నియమం. ఈ బూడిదరంగు 2.85 దగ్గరే ఆగిపోతుంది. #767676కు మారిస్తే 4.5 దాటుతుంది. శతకాలు చదివేవారిలో నా ఈడువారు ఎక్కువ. మా కళ్ళకు ఆ పద్యాలు పొగమంచులో ఊరిలా కనబడ్డాయి.

నాలుగవది భాష పేరు. పుట మొదట్లో దాని భాష ఏదో చెప్పే చోట ‘ఇంగ్లీషు’ అనే సంకేతం ఉంది. కోడ్ రాసే ఉపకరణం ఖాళీ నమూనా ఇచ్చేటప్పుడు తనంతట తానే పెట్టే మాట అది. తెలుగువాళ్ళు దాన్ని మార్చడం మరచిపోతారు. కంటికి ఏ తేడా తెలియదు. తెరచదువరి సాయంతో వినే అంధులకు తెలుస్తుంది. తెలుగు పద్యాన్ని ఆంగ్లపు గొంతు అందుకోబోయి తడబడవచ్చు. రెండక్షరాల మార్పుతో తీరే దోషం.

అయిదవది, చివరి పత్రం. పేరు రాసే గడికి పేరు లేదు. ‘మీ పేరు’ అని గడి లోపల లేతగా రాసి ఉంది. టైపు చేయడం మొదలుపెట్టగానే అది మాయమవుతుంది. ఆపైన, ఎంచుకున్న గడి చుట్టూ విహరిణి గీసే గీత అందంగా లేదని తీసేసింది. మౌసు పట్టలేక కీబోర్డు మీదనే నడిచే మనిషికి తాను ఎక్కడున్నాడో ఇక తెలియదు.

ఆరవది శీర్షికలు. మామూలు డివ్‌లలో అక్షరాలను లావు చేసి శీర్షికల్లా కనిపింపజేసింది. శీర్షికకు దానిదైన ట్యాగు ఉంది. అది వాడితే తెరచదువరి పద్యం నుంచి పద్యానికి గెంతగలదు. వాడకపోతే నూరుకు పైగా పద్యాలు ఒకే చాంతాడు.

ఈ ఆరింటినీ చదివి ‘అయ్యో, ఆ పిల్ల ఎంత చెడ్డగా కట్టింది’ అనుకున్నవారెవరైనా ఉంటే వారు నా మాట తలకిందులుగా అర్థం చేసుకున్నారు. మొదటిసారి కట్టిన పుటలో ఈ ఆరు లేకపోతేనే ఆశ్చర్యం. తప్పుపట్టవలసింది అంతమంది చూసి, అన్ని జవాబులు రాసి, ఒక్కటీ చెప్పని పెద్దలను.

చెప్పడంలోనూ పద్ధతి ఉంది. ఆరూ ఒక్కసారి గుమ్మరించరాదు. విస్తట్లో అన్నీ కలిపి పోస్తే ఏ రుచీ తెలియదు. జేకబ్ నీల్సన్ అనే ఉపయోగ్యతా నిపుణుడు దోషాల తీవ్రతకు 0 నుంచి 4 దాకా ఒక మెట్ల వరుస పెట్టారు. 0 అంటే దోషమే కాదు, 1 పైపై మెరుగు, 2 చిన్నది, 3 పెద్దది, 4 సరిచేయకుండా పుటను లోకం మీద వదలకూడదన్నంతటిది. చెప్పేవాడు తన మాటను ముందు ఈ మెట్లమీద పెట్టుకుని చూసుకుంటే సగం వాచాలత తగ్గుతుంది. ‘ఈ మూల ఇంకాస్త గుండ్రంగా ఉంటే’ అనే సలహా 1 దగ్గర కూర్చుంటుంది. పద్యం తెర దాటిపోవడం 4 దగ్గర నిలబడి కేకలు వేస్తుంటుంది. మన జవాబుల్లో తరచుగా మొదటిదానికి నాలుగు వాక్యాలు, రెండవదానికి మౌనం.

నేను ఆ అమ్మాయికి రాసిన జవాబులో మెచ్చుకోలు ఒకటి, దిద్దుబాట్లు మూడు. మెచ్చుకోలు ఇది: ‘విషయసూచికలో పద్యసంఖ్య నొక్కగానే నేరుగా ఆ పద్యానికి చేరడం చదువరికి మేలు. ఏది మార్చినా దీన్ని పోనివ్వకు.’ పొగడ్తకు కూడా చిరునామా ఉండాలి. ఏది నిలుపుకోవాలో తెలియని విద్యార్థి, దిద్దుకోబోయి మంచిని కూడా చెరిపేస్తాడు. తరువాత వెడల్పు, పంక్తుల ఎడం, రంగు. మూడింటికీ నేను ఏ ఫోనులో, ఏ పద్యం దగ్గర, ఏమి చేయబోయి ఏమి చేయలేకపోయానో రాశాను. మిగిలిన మూడు ఆ మార్పులు చేసి మళ్ళీ చూపినప్పుడు చెప్పాను.

ఇక ఆక్షేపణలు.

‘కొత్తవాళ్ళు నొచ్చుకుంటారండీ’ అంటారు. నొచ్చుకునేది దోషం తెలిసినందుకు కాదు, తమను తక్కువ చేసినందుకు. ‘నీ పుట చెత్త’ అన్నది మనిషికి తగులుతుంది. ‘నా ఫోనులో ఏడవ పద్యం రెండవ పాదం కనబడలేదు’ అన్నది పుటకు తగులుతుంది. ఈ భయంతోనే కొందరు ముందొక పొగడ్త, వెనుకొక పొగడ్త పెట్టి నడుమ దోషాన్ని ఇరికించే శాండ్‌విచ్ విధానాన్ని బోధిస్తున్నారు. మాత్రను బెల్లంలో చుట్టి ఇస్తే పిల్లవాడు బెల్లం చప్పరించి మాత్ర ఉమ్మేస్తాడు. మృదువుగా చెప్పడం వేరు, వినబడకుండా చెప్పడం వేరు. అమెరికా నాట్యకర్త లిజ్ లెర్మన్ కళాకారుల కోసం నాలుగంచెల విమర్శపద్ధతి ఒకటి రూపొందించారు. చూసినవారు తమకు అర్థవంతంగా తోచినదేమిటో చెప్పడం మొదటి అంచె. కళాకారుడు ప్రశ్నలడగడం రెండవది. చూసినవారు అభిప్రాయం కలపకుండా ప్రశ్నలడగడం మూడవది. అనుమతి తీసుకుని అభిప్రాయం చెప్పడం నాలుగవది. ఇంత మెత్తని పద్ధతిలో కూడా ఊరకే ‘బాగుంది’ అనడానికి ఒక అంచె లేదు.

‘నాకు కోడ్ రాదు, నేనేం చెప్పగలను’ అంటారు. వంట రానివాడికి ఉప్పు ఎక్కువైంది తెలియదా? వంకాయ ఎలా తరగాలో అతడు చెప్పనక్కరలేదు. ఉప్పని చెప్పితే చాలు. కొద్దిమంది మామూలు మనుషులను కూర్చోబెట్టి వాడించి చూస్తే పెద్ద లోపాలు బయటపడతాయని, అయిదుగురు చాలని, ఇదే నీల్సన్ 2000లో వాదించారు. ఆ అయిదుగురూ నిపుణులు కానక్కరలేదు. చూసినది చూసినట్టు చెప్పే సాక్షులైతే చాలు.

‘ఇదంతా అభిరుచి సంగతి గదా’ అంటారు. కొంత మేరకు. శీర్షిక వెనుక పసుపు పట్టీ అభిరుచి. 2.85 నిష్పత్తి అభిరుచి కాదు, కొలత. ఈ రెండింటినీ కలగాపులగం చేసేవారి వల్లనే విద్యార్థులు కొలతను కూడా ‘మీ ఇష్టం, నా ఇష్టం’ అని తోసిపుచ్చడం నేర్చుకుంటున్నారు. అభిరుచి చెప్పదలుచుకుంటే ‘ఇది నా అభిరుచి’ అని ముందు ఒక మాట చేర్చండి.

‘ఇప్పుడు యంత్రాలే దిద్దిపెడుతున్నాయి గదా’ అనేది తాజా ఆక్షేపణ. నిజమే. రంగుల నిష్పత్తినీ, పేరు లేని గడినీ పరీక్షించే ఉపకరణాలు విహరిణిలోనే ఉన్నాయి, వాడుకోవాలి. కృత్రిమ మేధను అడిగితే గుక్క తిప్పుకోకుండా ఇరవై సలహాలిస్తుంది. అయితే చిత్రానికి వివరణ ఉందా లేదా అని యంత్రం లెక్క చూస్తుంది. ఆ వివరణ ‘చిత్రం 1’ అని ఉంటే కళ్ళు లేనివారికి అది దేనికి పనికివస్తుందని బెంగపెట్టుకోదు. పాదం విరిగిన చోట లయ తెగిందని దానికి బాధ కలగదు. ఆ ఇరవైలో ఈ పిల్లకు ఈ వారం అవసరమైన మూడేవో ఏరి ఇచ్చేది ఆమెను ఎరిగిన మనిషే.

ఇంతవరకు చెప్పేవారిని అన్నాను. అడిగేవారికీ ధర్మాలున్నాయి, వారిని వదలను.

‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది. ప్రశ్న ఎంత పలుచనో జవాబూ అంతే. ‘ఇది శతకాన్ని ఫోనులో చదువుకోవడానికి కట్టిన పుట. పదవ పద్యం వెతికి చదవండి. ఎక్కడ ఆగిపోయారో చెప్పండి’ అని అడగండి. అడిగాక చూసేవారి భుజం వెనుక నిలబడి ‘అక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి’ అని కథాకాలక్షేపం చేయకండి. రేపు మీ పుటను తెరిచే ప్రతి చదువరి పక్కనా మీరు నిలబడలేరు.

దోషం చెప్పగానే వాదానికి దిగకండి. ‘నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉందే’, ‘మీ ఫోను పాతదేమో’ అనేవి ఆడలేనమ్మ మద్దెల ఓడన్న మాటలు. చదువరికి ఉన్న ఫోను అదే. ఆయన కొత్తది కొనేదాకా పద్యం ఆగదు. విన్నది ముందు రాసుకోండి. రాసుకున్నాక చెప్పినవన్నీ చేయాలని కూడా లేదు. మా అమ్మాయి ఆ పసుపు పట్టీని మార్చలేదు. ‘మాష్టారూ, మా తాతగారి దగ్గరున్న శతకం ప్రతి అట్ట ఆ పసుపే. చూడగానే పుస్తకం గుర్తుకు రావాలని పెట్టాను’ అంది. పట్టీమీద అక్షరాలు నలుపు, చక్కగా కనబడుతున్నాయి. అంతకంటే సమాధానం ఏం కావాలి? కారణం చెప్పి కాదనడం కూడా ఒక విద్య. కారణం లేకుండా అవుననడం కన్నా అది వెయ్యిరెట్లు మేలు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. దిద్దుకున్నాక మళ్ళీ చూపండి. ఏమి మార్చారో, ఏది మార్చలేదో రెండు ముక్కలు రాయండి. చెప్పినవాడికి ఇంతకు మించిన గురుదక్షిణ లేదు. అలాగే, చెప్పినవాడు రెండవసారి కూడా చూడాలి. నోటుపుస్తకంలో ఎర్రగీత గీసి, ఆ పిల్లవాడు సరిచేసి రాశాడో లేదో తిరిగి చూడని ఉపాధ్యాయుడు సిరా దండగ చేసినవాడే.

చివరగా, ఇదంతా ఎందుకింత పట్టింపుగా చెబుతున్నానో చెప్పాలి. పెద్ద నగరంలో, ఆ వృత్తిలోనే ఉన్న కుటుంబంలో పుట్టిన పిల్లవాడికి మన ‘బాగుంది’ వల్ల పెద్ద నష్టమేమీ లేదు. రాత్రి భోజనాల దగ్గర అన్నో బాబాయో ‘ఒరేయ్, ఫోనులో చూసుకున్నావా?’ అని అడుగుతారు. తెలుగు మాధ్యమంలో చదివి, జిల్లా కేంద్రంలోనో మండలంలోనో కూర్చుని, తంటాలు పడి ఆంగ్లపు పాఠాలు చూసి నేర్చుకున్న పిల్లకు ఆ భోజనాల బల్ల లేదు. ఆమెకున్న అన్నలూ బాబాయిలూ మనమే. మనం మర్యాదకు ‘బాగుంది’ అంటే, ఆమె దాన్ని నిజమని నమ్మి ఉద్యోగానికి దరఖాస్తు పెడుతుంది. అక్కడ పుటను చూసినవారు ఫోనులో తెరిచి, పద్యం తెర దాటిపోయినది చూసి, మూసేస్తారు. వారు కారణం చెప్పరు. చెప్పవలసిన బాధ్యత వారికి లేదు. ఆమెకు ఎన్నటికీ తెలియదు. నేను అపచారమన్నది దీన్నే. కోటి విద్యలూ కూటి కొరకే అంటారు. ఆ కూటికి అడ్డుపడేది మన మొహమాటం కాకూడదు.

రెండవ నష్టం తెలుగుది. ఈ పిల్లలు కట్టే పుటల్లోనే రేపు మన పద్యమూ, కథా, పల్లెలోని దుకాణం ధరల పట్టికా కనబడబోతున్నాయి. పంక్తుల మధ్య వత్తులు నలిగిపోయిన పుటలనే చూస్తూ పెరిగిన తరం, తెలుగు తెరమీద చదవడానికి కష్టమైన లిపి అని తీర్మానించుకుంటుంది. నేరం లిపిది కాదు, 1.2ది. ఆ సంగతి చెప్పగలిగినవాళ్ళం మనం. తెరమీద డబ్బాలు తప్ప తెలుగు కనబడని రోజుల్లో ఒకరి కంప్యూటరును ఒకరు ఓపికగా సరిచేయించుకుని ఇక్కడిదాకా వచ్చినవాళ్ళం. అప్పుడు మనలో ఎవరూ ఎవరికీ ‘బాగుంది’ అని చెప్పి ఊరుకోలేదు. ‘ఏ విహరిణి? ఏ ఖతి? ఏ అక్షరం విరిగింది?’ అని అడిగాం. ఆ మూడు ప్రశ్నలనే ఇప్పుడు పిల్లలకు ఇవ్వమంటున్నాను.

కాబట్టి ఈసారి ఎవరైనా కొత్తవారు లంకె పంపితే పది నిమిషాలు కేటాయించండి. ఫోనులో తెరవండి. మీ ఇంట్లో పెద్దవారి చేత ఒక పంక్తి చదివించండి. నిలుపుకోవలసింది ఒకటి, దిద్దుకోవలసినవి మూడు, ఎక్కడున్నాయో చూపించి రాయండి. పది నిమిషాలు లేకపోతే ‘ఇప్పుడు తీరిక లేదు, ఆదివారం చూస్తాను’ అనండి. అది నిజం గనుక ఎవరికీ హాని చేయదు.

ఈ వాదంతో విభేదించేవారు తప్పక విభేదించండి. ఏ పేరాలో, ఏ వాక్యంతో, ఎందుకో చెప్పి విభేదించండి. ‘టపా బాగుంది మాష్టారూ’ అని మాత్రం రాయకండి.